పచ్చ అంటే ఏ పచ్చ?

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నాయన ఫోన్ చేశాడు. నేను బెంగళూరులో ఆఫీసు మెట్ల మీద ఉన్నాను.

"రేయ్, బుడ్డల చేనంతా పచ్చగయిపోయిందిరా."

"మంచిదే కదా నాయనా."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఏం మంచిదిరా నీ తలకాయ! పచ్చంటే ఆకుపచ్చ కాదు, పసుప్పచ్చ. కామెర్లొచ్చినట్టుండాది చేనుకు" అన్నాడు.

మన భాషలో ఇదొక చిక్కు. కళకళలాడే చేనూ పచ్చే, కామెర్లొచ్చిన కళ్లూ పచ్చే. ఇంజినీరింగ్ చదివిన కొడుకు, చేను గురించి నాయన చెప్పే ఒక్క మాటను తిరగేసి అర్థం చేసుకున్నాడంటే తప్పు భాషదా, కొడుకుదా అనేది మీకే వదిలేస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. తుంగభద్ర దిగువ కాలువ కింద నాలుగెకరాలు. అందులో రెండు ఎర్రనేల, రెండు నల్లరేగడి. రేగడి చేన్లో ఒక మూల తవ్వితే తెల్లటి సున్నపు గుండ్లు బయటపడతాయి. బుడ్డలు అంటే వేరుశనగ. మా కర్నూలు పడమటి వైపు అట్లే అంటారు. నాయన వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. పసుపు తిరిగింది ఆ సున్నపు మూలే. చిగురాకులు లేత పసుపు, కొన్నయితే దాదాపు తెలుపు. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, గీత గీసినట్టు ఉన్నాయి.

పక్క చేనాయన అప్పటికే సలహా ఇచ్చేశాడు: "యూరియా చల్లు, రెండు రోజుల్లో నల్లగా లేస్తాది." నాయన బస్తా తెచ్చి పెట్టాడు కూడా. చల్లే ముందు ఎందుకో ఫోన్ చేశాడు. నేను ఆ ఫొటోలను మా ఊరి రైతు సేవా కేంద్రంలో పనిచేసే అబ్బాయికి పంపాను. అతను ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"అన్నా, పసుపైంది పైన కొత్తాకులా, కింద ముసలాకులా?"

ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి. మీకు చేను లేకపోయినా పర్లేదు, కుండీలో గులాబీ మొక్క ఉంటే చాలు. నత్రజని తక్కువైతే మొక్క ముసలాకుల్లోంచి దాన్ని లాగి చిగురుకు పంపుతుంది. అందుకని కింది ఆకులు ముందు పసుపవుతాయి. అప్పుడు యూరియా సరైన మందే. ఇనుము సంగతి వేరు. ఒకసారి ఆకులో కుదురుకున్న ఇనుము అక్కణ్నుంచి కదలదు. కొత్త ఆకుకు కొత్త ఇనుము రావాల్సిందే. రాకపోతే చిగురే ముందు పాలిపోతుంది. ఆకుపచ్చ రంగులో ఇనుము ఉండదు కానీ, ఇనుము లేకుండా మొక్క ఆ రంగును తయారు చేసుకోలేదు.

"ఇనుప ధాతు లోపం అన్నా. యూరియా వద్దు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేటట్టు కొట్టండి. వారం పది రోజులాగి ఇంకోసారి" అన్నాడు.

నాకు అర్థం కానిది ఒకటే. ఇనుము లేకపోవడమేంటి? భూమి పైపొర బరువులో సుమారు 5 శాతం ఇనుమే. మా ఎర్రనేల ఎర్రగా ఉండేదే ఇనుప తుప్పు వల్ల. పక్కనే బళ్లారి, సండూరు. దేశానికి ఇనుప ఖనిజం తవ్విపోసే గుట్టలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మా ఆదోని తాలూకా కూడా ఆ బళ్లారి జిల్లాలోదే. అట్లాంటి చోట మొక్క ఇనుము లేదని పాలిపోతే ఎవరికి చెప్పుకోవాలి?

అతను నవ్వి, "ఉంది అన్నా, అందదు" అన్నాడు.

సాఫ్ట్‌వేర్ వాడికి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఫైలు డిస్కులోనే ఉంటుంది, మనకు పర్మిషన్ ఉండదు. సున్నం ఎక్కువున్న నేలలో క్షారగుణం పెరుగుతుంది. ఇనుము నీళ్లలో కరగని తుప్పుగా మారి బిగుసుకుపోతుంది. పైగా నీళ్లు నిలిచి గాలాడకపోతే ఇంకా కష్టం. ఆ మూలలో మొన్న తడి కాస్త ఎక్కువే పెట్టామని నాయన తర్వాత ఒప్పుకున్నాడు. అన్నభేదిని అట్లాంటి నేలలో చల్లినా లాభం తక్కువ. సున్నం దాన్నీ తుప్పు చేసేస్తుంది. అందుకే నేలకు కాదు, ఆకుకు ఇవ్వాలి. నిమ్మ ఉప్పు ఎందుకంటే, నీళ్లలో కలిపిన అన్నభేది ఊరికే తుప్పు పట్టకుండా పులుపు కాపాడుతుంది. అన్నభేది మంచిదైతే లేత ఆకుపచ్చగా ఉంటుంది. గోధుమరంగు తిరిగిందంటే పాతబడిందని అర్థం. కలిపిన నీళ్లు రేపటికి దాచుకోకూడదు, అప్పటికప్పుడే కొట్టెయ్యాలి.

సంక్రాంతికి ఇంటికి పోయేసరికి మొదటి తడవ కొట్టడం అయిపోయింది. ఊరు సగం ఖాళీ. ఏటా ఉండేదే. మా ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరపకోతలకు పోతాయి. మా వీధిలో తాళాలు లేని ఇళ్లలో మాదొకటి. ఇంట్లో అక్క ఉంది. ఆదోని నుంచి పండక్కి వచ్చింది. ఐదో నెల.

అక్క ముఖం చూడగానే నాకు చేను ఫొటోలు గుర్తొచ్చాయి. అది పైకి అనలేదు. పెదాలు తెల్లబడి ఉన్నాయి. రెండు మెట్లెక్కి ఆగి ఊపిరి తీసుకుంటోంది. కార్డు చూస్తే హిమోగ్లోబిన్ 8.4. గర్భిణికి 11 తగ్గకూడదు. నెలన్నరగా ఎర్ర మాత్రలు వేసుకుంటోంది. అంతకు ముందు నెల 8.3.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?"

"నీ మీదొట్టు, ఒక్కపూట తప్పలేదురా. మర్చిపోతానని పొద్దున్నే టీ తోనే యేసేసుకుంటా. ఐరనూ, క్యాల్షియమూ రెండూ ఒకేసారి."

నేను నాయన వైపు చూశాను. నాయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం రైతు సేవా కేంద్రం అబ్బాయి మాటే చెవిలో మోగింది. ఉంది, అందదు.

మాత్రల అట్ట వెనక చూస్తే ఫెర్రస్ సల్ఫేట్ అని ఉంది. అంటే అన్నభేది! నాయన చేన్లో కొట్టిందీ, అక్క మింగుతున్నదీ ఒకే పదార్థం. అట్లని చేను సంచిలోది ఎవరూ నోట్లో వేసుకోకండి. అది శుద్ధి చేసింది కాదు, మోతాదు తెలియదు, ప్రమాదం. మాత్రలో లెక్కగా 60 మిల్లీగ్రాముల ఇనుము, దానికి తోడు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లం వెనక మన తెలుగువాడున్నాడు. 1945లో అమెరికాలోని లెడర్లే కంపెనీలో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇంతకీ టీ ఏం చేస్తుంది? మాటలతో చెబితే అక్క వినదు, అమ్మ అసలే వినదు. "టీ లేకపోతే దానికి మాత్ర గొంతు దిగదు" అని అమ్మ తీర్పు. అందుకని ఒక గ్లాసులో పాలు కలపని టీ డికాషన్ పోశాను. ఒక మాత్ర పైనున్న ఎర్ర పూత గీకి, పొడి చేసి అందులో వేశాను. స్పూనుతో తిప్పుతుంటే ఎర్రటి డికాషన్ చూస్తుండగానే సిరాలా నల్లబడింది.

మంచం మీద కూర్చున్న అవ్వ మెడ చాపి చూసి, "ఓసినీ, ఇది కరక్కాయ సిరానే కదరా!" అంది.

అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. వెనకటి రోజుల్లో కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవాళ్లు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలూ ఇదే లెక్క. గుడ్డను ముందు కరక్కాయలో నానబెడతారు, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ కలిపి పులియబెట్టిన నీళ్లతో దాని మీద గీస్తారు. వగరూ ఇనుమూ కలిసిన చోట నలుపు పుడుతుంది. మాది మగ్గాల ఊరు, మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. రంగు గుడ్డకు ఎట్లా పట్టుకుంటుందో మా అవ్వలకు ఒకరు చెప్పాల్సిన పన్లేదు. టీలోనూ ఆ వగరే ఉంది. గుడ్డ మీద అయితే అది కళ. కడుపులో అయితే ఇనుము వగరుతో ముడిపడి, ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. భోజనంతో పాటు తాగే ఒక కప్పు టీ, ఆ భోజనంలోని ఇనుము ఒంటికి పట్టడాన్ని సగానికి పైగా తగ్గించగలదు.

తర్వాత ఆ నల్ల గ్లాసులో అర నిమ్మకాయ పిండాను. నలుపు విరిగి రంగు తేలిపోయింది. అక్క నోరు తెరిచి చూసింది. చేన్లో నిమ్మ ఉప్పు చేసిన సాయం, ఇంట్లో నిమ్మకాయ చేస్తుంది. పులుపూ, దాంట్లోని సి విటమినూ ఇనుమును ఒంటికి పట్టే రూపంలో ఉంచుతాయి.

ఇక క్యాల్షియం మాత్ర. అదేంటి? మన భాషలో చెప్పుకుంటే సున్నం. చేన్లో ఇనుమును కట్టేసిందీ సున్నమే, అక్క కడుపులో అడ్డం పడుతున్నదీ ఆ కుటుంబపుదే. రెండుచోట్లా జరిగే రసాయన చర్య ఒకటి కాదు కానీ ఫలితం మాత్రం ఒకటే. అక్కకు క్యాల్షియం కూడా కావాలి, మానకూడదు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంటే చాలు. బుడ్డలకూ అంతే. ఇనుముకు సున్నం శత్రువైనా, ఊడలు దిగేటప్పుడు గింజ నిండటానికి క్యాల్షియం కావాలనే ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం. జిప్సం సున్నంలా నేలలో క్షారగుణాన్ని పెంచదు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఎవరితో ఎవరిని కలుపుతున్నామన్నదే లెక్క.

మరుసటి రోజు అక్కను పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. డాక్టరమ్మ అంతా విని, రోజుకు రెండు మాత్రలు చేసింది. భోజనమయ్యాక నిమ్మరసం నీళ్లతో, టీకి గంటన్నర రెండు గంటల దూరంగా. "నెలకు ఒక గ్రాము అయినా పెరగాలి. పెరగకపోతే ఇంజెక్షన్ ఇస్తాం. నిమ్మకాయను నమ్ముకుని పరీక్ష మానొద్దు" అని గట్టిగా చెప్పింది. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దని, మాత్రలు చిన్నపిల్లలకు అందకుండా పెట్టమని కూడా చెప్పింది. మిఠాయిలా కనిపిస్తాయి కానీ పిల్లలు నాలుగైదు మింగితే ప్రాణం మీదికొస్తుంది.

మాత్ర సరే, కంచం మాటేమిటి? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు తీసి చూశాను. వంద గ్రాముల సజ్జల్లో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము, రాగుల్లో నాలుగున్నర, జొన్నల్లో 4. పాలిష్ బియ్యంలో 1 కూడా లేదు. ఆడవాళ్లకు రోజుకు 29, మగవాళ్లకు 19 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ 2020 లెక్క. తిన్నదంతా పట్టదు కాబట్టే ఇంత. శాకాహారంలోని ఇనుములో పదో వంతు పట్టడం కూడా గొప్పే. మాంసం, చేప, కాలేయంలోని ఇనుముకు ఈ ఇబ్బంది తక్కువ.

అవ్వల కాలం తిండిని మరీ నెత్తిన పెట్టుకోను కానీ ఒకటి ఒప్పుకోవాలి. జొన్నరొట్టె కాల్చింది ఇనుప పెనం మీద, పులుసు కాచింది ఇనుప మూకుట్లో. పులుపు తగిలితే కాస్త ఇనుము పెనం నుంచి కూడా దిగుతుంది. అంబలి రాత్రంతా పులిసేది. గింజల్లో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ పులిసినా, మొలకెత్తినా తగ్గుతుంది. రొట్టెలోకి గోంగూర, చింతపండు కారం. వాళ్లు రసాయన శాస్త్రం చదివి చెయ్యలేదు, ఉన్నదాంతో వండుకున్నారు. నాన్‌స్టిక్ పెనం మీద రొట్టె కాల్చి వెంటనే టీ తాగేది మా తరమే.

ఈ తోడు సంగతి మొక్కలకూ తెలుసట. జొన్న, మొక్కజొన్న లాంటి గడ్డి జాతి మొక్కలు ఇనుము అందకపోతే వేళ్ల నుంచి ఒక రసం వదులుతాయి. అది తుప్పును కరిగించి వెంటబెట్టుకొస్తుంది. బుడ్డలకు ఆ విద్య రాదు. అయితే సున్నపు నేలల్లో మొక్కజొన్న పక్కన వేసిన వేరుశనగ పసుపు తిరగకుండా నిలబడిందని చైనా శాస్త్రవేత్తలు చూశారు. పక్కవాడు తెచ్చుకున్న దాంట్లో దీనికీ కాస్త దక్కిందన్నమాట. నాయనకు చెబితే, "వచ్చేసారి ఆ మూల జొన్న సాళ్లు వేసి చూద్దాం" అన్నాడు. ఇంకో మాట చెబితే మాత్రం నమ్మలేదు. బుడ్డల మొక్క పీకి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూపించాను. లోపల గులాబీ రంగు. మన రక్తంలో హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థం అది. ఇనుముతోనే తయారవుతుంది. గాల్లోని నత్రజనిని పట్టే పనిలో మొక్కకు అదే తోడు. నాయన ఆ ఎరుపును చాలాసేపు చూశాడు.

పండగ అయిపోయాక బయల్దేరే రోజు ఏఎన్ఎం అక్క ఇంటికి వచ్చింది. అక్క వేలికి సూది గుచ్చి చూస్తుంటే నాకెందుకో అనిపించి, "అమ్మకు కూడా చూడండి" అన్నాను.

"నాకేమైందిరా, బాగానే ఉండాను కదా" అని అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. బలవంతంగా చూపిస్తే 9.1. గర్భం లేని ఆడమనిషికి 12 ఉండాలి.

ఇల్లంతా గమ్మునైంది. ఇన్నాళ్లూ అమ్మ నడుము నొప్పంటే పనెక్కువై అనుకున్నాం. కళ్లు తిరుగుతున్నాయంటే ఎండ అనుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ తినడం నేను ఎప్పుడూ చూడలేదు. మేమంతా తిన్నాక అడుగు బొడుగూ ఊడ్చుకుని, పొయ్యి పక్కనే కూర్చుని, తర్వాత ఒక గ్లాసు టీ తాగుతుంది. గుడ్లు ఉడికిస్తే నాయనకు రెండు, నాకు రెండు. గుడ్లు ఇంట్లో ఉన్నాయి. అమ్మకు అందలేదు. దీనికి సున్నం మీద నెపం వెయ్యలేను. ఇది మేము చేసింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఆ అంకెను ఇదివరకు వార్తల్లో ఎన్నోసార్లు చదివాను. మా అమ్మ వయసు 51. ఆ లెక్కలోకి కూడా రాదు. గుంటూరు మిరప చేలల్లో గుడారాల కింద ఉన్న మా వీధి ఆడవాళ్ల మాత్రలు ఎవరి రిజిస్టర్‌లో ఉన్నాయో అని అప్పుడు ఆలోచించాను. ఇక్కడి ఏఎన్ఎంకు వాళ్లు ఊళ్లో లేరు. అక్కడి ఏఎన్ఎంకు వాళ్లు ఆ ఊరివాళ్లు కారు. మాత్రలు రెండు చోట్లా ఉంటాయి.

ఫలితాలు చెప్పి ముగిస్తాను. రెండో తడవ కొట్టాక పది రోజులకు చిగుర్లు ఆకుపచ్చగా వచ్చాయి. మరీ తెల్లబడిన ఆకులు మాత్రం తేరుకోలేదు, ఆ మూల దిగుబడి తగ్గింది. యూరియా బస్తా ఎర్రనేల మొక్కజొన్నకు పనికొచ్చింది. అక్కకు నెలకు 9.6, ఎనిమిదో నెలకు 10.8. మే నెలలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. అమ్మను ఎమ్మిగనూరులో డాక్టరుకు చూపించాం. ఈ వయసులో రక్తం ఎందుకు తగ్గిందో ముందు తేల్చుకోవాలని పరీక్షలు రాశారు. పెద్ద జబ్బేమీ లేదని తేలాక మాత్రలు మొదలుపెట్టారు. ఇప్పుడు 11 దాటింది. రాత్రి ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నావా?" అని అమ్మ నన్ను అడిగే లోపే నేను అడుగుతున్నాను. "ఏం తిన్నావు, ఎవరితో కలిసి తిన్నావు, టీ ఎప్పుడు తాగినావు" అని వరసగా. విసుక్కుంటోంది. విసుక్కోనీ.

మీరు ఈ వారం ఒక పని చెయ్యండి. ఇంట్లో అమ్మకో, అత్తకో, వంటమనిషికో ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. పీహెచ్‌సీలో డబ్బులు అడగరు. "నాకేమైంది" అంటారు, వినకండి.

నిన్న నాయన మళ్లీ ఫోన్ చేశాడు. "రేయ్, చేను పచ్చగుండాది."

"ఏ పచ్చ నాయనా?"

"మంచి పచ్చేలేరా" అన్నాడు.